బస్తా అడుగు

ముయె మోచేతి దాకా చెయ్యిని చింతపండు బస్తాలోకి దూర్చి, అడుగున ఉన్నదాన్ని పిడికిట పట్టి బయటికి లాగింది. నల్లగా, బూజు పట్టి, మధ్యలో చచ్చిన బొద్దింక.

"పైన బంగారం పోసిండు, కింద పెంట పెట్టిండు. వద్దు సేటూ."

భోపాల్‌పట్నంలో రామనాథం గోదాంలో ఇరవై ఏళ్ళుగా ఆమెది ఇదే పని. ఊళ్ళ నుంచి వచ్చిన ప్రతి బస్తాలో చెయ్యి పెట్టి చూడడం. పులుపుకు కుడిచేతి గోళ్ళు నల్లబడ్డాయి. చర్మం పగిలి, కూర కలుపుకుంటే మండుతుంది.

ఈరోజు వరండాలో సంజయ్ బల్ల వేసుకుని కూర్చున్నాడు. జగదల్‌పూర్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లల్ని చేర్చే మనిషి. పన్నెండో తరగతి పాసైన ముయె కూతురు దుర్గ, సాయంత్రం అతని జీపులోనే వెళ్తానని పట్టుబట్టింది.

సంజయ్ మెరిసే కాగితం పరిచాడు. సైబర్ సెక్యూరిటీ. ఏడాది సర్టిఫికెట్ నలభై వేలు, మూడేళ్ళ డిగ్రీ లక్షన్నర. కాగితం మీద టైలు కట్టుకున్న నలుగురు నవ్వుతున్నారు.

"కంప్యూటర్లను దొంగల నుంచి కాపాడే చదువు, దీదీ. నౌకరీ పక్కా."

ముయె ఆ నవ్వే నలుగురి మీద నల్లటి వేలు పెట్టింది.

"వీళ్ళు పైనోళ్ళు గదా సారూ. అడుగునోళ్ళను చూపియ్."

"అడుగునోళ్ళేంది?"

"మా అమ్మ మనుషులను గూడ బస్తాలెక్కనే చూస్తది" అంది దుర్గ సిగ్గుపడుతూ. అయినా ఫోను తీసి స్పీకరు పెట్టింది. బడిలో తనకన్నా ముందు చదివిన ఇద్దరు ఆ కాలేజీలోనే చదివారు.

ఏడాది కోర్సు చేసిన కేసా రాయపూర్‌లో ఒక అపార్టుమెంటు ముందు ఉన్నాడు.

"సెక్యూరిటీనే అత్తా. పొద్దంత గేటు కాడ నిలబడుడే."

కేసా సంగతి చెబితే, మూడేళ్ళు చదివిన మంగల్ నవ్వాడు.

"నాదీ గేటే. కాని నాకు కుర్చీ ఇచ్చిండ్రు. కెమెరాల టీవీ చూసుకుంట కూసుంట."

"శురూలో అట్లనే ఉంటది, దీదీ..." సంజయ్ కాగితం మడవసాగాడు.

ముయె పక్కకు తిరిగి ఉమ్మింది.

"లక్షన్నరకు కుర్చీ! పోవద్దు బిడ్డా."

"ఏంది ముయే, ఆ బస్తా గూడ వాపసేనా?" లోపలి నుంచి రామనాథం వెక్కిరించాడు.

దుర్గ నవ్వలేదు.

"ఈడుంటే ఏమైతనో గూడ చూసిన గదా, అమ్మా." ఆమె చూపు తల్లి కుడిచేతి మీద ఉంది.

ముయె ఆ చేతిని కొంగు కిందికి లాక్కుంది. తర్వాత సంజయ్ వైపు తిరిగింది.

"ఏడాదిదే రాసుకో సారూ, నిలబడేదే. కుర్చీ నా బిడ్డనే కొనుక్కుంటది."

నాలుగింటికి జీపు కదిలింది. ముయె గుమ్మం దాకా వచ్చి, దుమ్ము కళ్ళలో పడడంతో వెనక్కి తిరిగింది. ఇంకా పద్దెనిమిది బస్తాలున్నాయి.

అవి అయ్యాక వరండా ఊడవబోతే బల్ల కింద దుర్గ దువ్వెన కనిపించింది. రెండు పళ్ళు విరిగిన గులాబీరంగు ప్లాస్టిక్ దువ్వెన. మిగతా పళ్ళలో పొడవాటి వెంట్రుకలు, నేల మీది చింతపండు జిగురుకు అంటుకుని.