లూపు లోపలి సున్నా

చపాతీలు కాలుస్తూ కృష్ణవేణి పెదవుల్లోనే పాఠం వల్లించుకుంటోంది. వాక్యంలో మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టాలి. ఒక్కో అక్షరానికీ లూపు ఒకసారి తిరగాలి, తిరిగినప్పుడల్లా లెక్క ఒకటి పెంచాలి. మధ్యలో ఖాళీ వస్తే దాన్నీ కలుపుకోవాలి. చివరిది అయ్యాకే ఆగాలి. మధ్యాహ్నం పరీక్షలో ఇదే వస్తుందని మెరె చెప్పింది. మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్న కాలేజీలో కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి ఆవిడే టీచరు.

"చపాతీ మాడుతోంది చూడు," అన్నాడు భర్త జనార్దన్ షూ లేసులు కట్టుకుంటూ. "అక్షరాలు లెక్కపెట్టడానికి కూడా ఓ కోర్సా? రెండు నిమిషాల పని."

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అతనికి రెండు నిమిషాల పనే. గుంటూరులో ఆరేళ్లు డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పిన కృష్ణవేణికి, ఆక్లాండ్ వచ్చాక ఈ నాలుగేళ్లూ అతని లంచ్ బాక్సుతో, కూతురు స్పందన స్కూలుతో, శాండ్రింగ్‌హామ్‌లో ఇండియన్ షాపుల్లో కూరగాయలు ఏరుకోవడంతో గడిచిపోయాయి. మొన్న ఆమె రాసిన ప్రోగ్రాం ఏ వాక్యం ఇచ్చినా జవాబు 'ఒకటి' అనే చూపించింది. భోజనానికి వచ్చిన స్నేహితుల ముందే జనార్దన్ పగలబడి నవ్వాడు. "లెక్కని సున్నా చేసే లైను తీసుకెళ్లి లూపు లోపల పెట్టావు తల్లీ! తిరిగినప్పుడల్లా మళ్లీ మొదటికే." పకోడీల పళ్లెం పట్టుకుని ఆమె కూడా నవ్వింది. వంటింట్లోకి వెళ్లాక గానీ ఏడుపు రాలేదు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో కూర్చోగానే మెరె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మానేస్తున్నానని నిన్న మెయిల్ పంపావు కదా. మళ్లీ వచ్చావేం?"

తెర మీద మెయిలు చూపించింది. కింద కృష్ణవేణి పేరే ఉంది. 'ఇంటి బాధ్యతల వల్ల నాకు చదువు మీద ఆసక్తి పోయింది.' ఆ మెయిల్ ఐడీ తెరిచిపెట్టింది జనార్దనే, పాస్‌వర్డు పెట్టిందీ అతనే. ఈ వారం నుంచి క్లాసు నాలుగింటిదాకా అన్నప్పటి నుంచి, "మూడింటికి పిల్లని ఎవరు తెస్తారు?" అని సాధిస్తూనే ఉన్నాడు.

మొగుడే ఇలా చేశాడని పరాయిమనిషికి ఎలా చెప్పడం? ఇన్నేళ్లూ అమ్మకి ఫోన్లో చెప్పినట్టే ఇప్పుడూ నోటికి అబద్ధమే వచ్చింది. "అవును, ఇంట్లో కుదరడం లేదు," అని సంచీ భుజాన వేసుకుంది.

కారిడార్‌లో పదడుగులు వేసి ఆగిపోయింది. గోడకి ఆనుకుంది. ఇప్పుడు బస్సెక్కితే తనే మానేసిందని అందరూ నమ్ముతారు. పదేళ్లు పోతే తనూ నమ్మేస్తుంది.

వెనక్కి వచ్చింది.

"ఆ మెయిల్ నేను రాయలేదు," అంది. "మా ఆయన రాశారు."

మెరె తెల్లకాగితం, పెన్నూ ముందు పెట్టింది. "చదువుతానని నీ చేత్తో రాసి సంతకం పెట్టు. పరీక్ష పది నిమిషాల్లో."

రాసిచ్చింది. తర్వాత కృష్ణవేణే మెరె బల్ల మీది ఫోనందుకుని జనార్దన్ ఆఫీసుకి చేసింది.

"మూడింటికి స్పందనని మీరే తీసుకురండి. నాకు పరీక్ష ఉంది."

"పరీక్షేంటి? నాకు మీటింగుంది! అసలు ఎవరినడిగి వెళ్లావు?"

"ఎవర్నీ అడగలేదు," అంది కృష్ణవేణి. "ఇప్పుడు కూడా అడగడం లేదు, చెబుతున్నాను."