రూతమ్మ అనని ఆమెన్

సంగటి కుండ కడిగి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని రూతమ్మ అందరికంటే వెనక, గడప దగ్గర మోకాళ్లూనింది. అత్త దానమ్మకు మోకాళ్లు వంగవు. గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కన పన్నెండేళ్ల మనవరాలు ఎలీషబా. బుడ్డి దీపం ముందు రూతమ్మ మొగుడు అబ్రహాము. గిద్దలూరు దాపున ఆ పాలేనికి ఆయనే సంఘపెద్ద. పగలు ఆసామి రంగయ్య చేలో సేద్యం, పడుకోబోయే ముందు ఇంట్లో ప్రార్థన. రూతమ్మ కాపురానికి వచ్చి పదిహేనేళ్లు. ఈ ఇంట అది ఒక్క రాత్రి తప్పలేదు.

రూతమ్మకు దేవుడంటే భయం లేదు. ఆ ప్రార్థనంటేనే భయం. పగలంతా మొగుడు ఆమెను ఏమే అంటాడు, లేకుంటే దగ్గుతాడు. ఆమె పేరు ఆయన నోట వచ్చేది ప్రార్థనలోనే. నీ దాసురాలు రూతమ్మ ఈ దినము సంగటి మాడబెట్టెను ప్రభువా, ఆమెకు జాగ్రత్త దయచేయుము, అంటాడు కళ్లు మూసుకుని. అత్త అందుకుంటుంది. నా కోడలు వాగు కాడ అమ్మలక్కలతో నిలబడింది తండ్రీ, దాని కాళ్లకు తొందర ఇయ్యి, అంటుంది. ఆ మాటలే పగలంటే రూతమ్మా ఒక మాట అనగలదు. కోడి కూయకముందే లేచి కొర్రలు దంచినాను, నాలుగు కడవలు మోసినాను, పొద్దుగూకేదాకా రంగయ్య చేలో కలుపు తీసినాను, పొయ్యి ముందు కునుకు పట్టింది, మాడింది, అనగలదు. దేవుడితో మాట్లాడేటప్పుడు అడ్డం ఎట్ల వస్తుంది? పైగా చివరి మాట ఆమె వంతు. మామ పెట్టిపోయిన పద్ధతి అది. మగాడు ప్రార్థన చెయ్యాలి, ఇల్లాలు ఆమెన్ అనాలి. అందాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, మోకాలెత్తకూడదు. ఎలీషబా పసిదిగా ఉన్నప్పుడు నిద్రకు ఆగలేక, ఇంకా ఎంతసేపమ్మా అని గొణిగేది. నేను ఆమెన్ అంటే అయిపోతుందిలే అని రూతమ్మ చెవిలో చెప్పేది. ఆమెన్ అంటే అట్లే కానీ అని అర్థమని, మార్కాపురం మిషను నుంచి వాక్యం చెప్పను వచ్చే బైబిలమ్మ చెప్పేదాకా ఆమెకు తెలియదు. తెలిసిననాడు రాత్రి నాలుక మొద్దుబారింది. తన మీద చాడీలన్నిటికీ ఇన్నేళ్లూ తానే ఒప్పుకుంటూ వచ్చింది.

ఆ బైబిలమ్మే ఈ రోజు చేని గట్టు దాకా వచ్చింది. ఎలీషబాను బోర్డింగు బడిలో చేర్చుకోవడానికి మిషను దొరసాని ఒప్పుకుందట. సోమవారం బండి పోతుంది, ఒక దుప్పటి, ఒక పళ్లెం ఉంటే చాలునంది. రూతమ్మ ఇంటికొచ్చి తన పెళ్లి చీర చించి రెండు పావడాలకు కొలిచింది. అన్నం పెట్టేటప్పుడు మొగుడితో చెప్పింది. ఆయన తలెత్తలేదు, వద్దనలేదు. వద్దనలేదు గదా అని సంబరపడింది.

అబ్రహాము వానకోసం అడిగాడు. ఎద్దు కుంటు తగ్గించమన్నాడు. రంగయ్యను దీవించమన్నాడు. ఆ తర్వాత గొంతు మెత్తబడింది.

"ప్రభువా, కొమరోలులో నా అక్కకు కాలూ చెయ్యీ పడిపోయెను. ఆ ఇంట నీళ్లు తెచ్చువారు లేరు, దంచువారు లేరు. ఎలీషబాను అక్కడికి పంపుటకు నీ దాసురాలు రూతమ్మకు మంచి మనస్సు ఇచ్చితివి, నీకు స్తోత్రము. బడి తలంపు ఆమెలోనుండి తీసివేసితివి, నీకు స్తోత్రము."

ఆగాడు. ఇక ఆమె వంతు.

కొమరోలు ఇల్లు రూతమ్మకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆరునెలలు అక్కడ చాకిరీ చేసింది. ఆ రోలు తెలుసు, దిగుడుబావి మెట్లు తెలుసు. పోయిన పిల్ల తిరిగి రాదు, ఆ రోలు దగ్గరే పెరుగుతుంది. తిడితే పడొచ్చు, కొడితే పడొచ్చు. ఇది మటుకు తన నోటితోనే ఒప్పుకోవాలి.

"ఏందే, నిద్రపోయినావా?" అంది అత్త.

"లేదత్తా."

"మరి అను."

"అనను."

అబ్రహాము కళ్లు తెరవలేదు. ప్రార్థన ముగియందే తెరవకూడదు, చెయ్యి లేపకూడదు. "ప్రభువా, తెల్లవారువరకు నీ సన్నిధిలోనే యుందుము" అన్నాడు.

ఉండనీ అనుకుంది రూతమ్మ. ఈ ప్రార్థన ముగియకపోతే రేపు రాదు, పిల్లను కొమరోలు తీసుకుపోయే బండి రాదు. ఆమె మోకాళ్లకు గడప కొత్త కాదు. బుడ్డిలో నూనె అడుక్కు దిగింది. అత్త మూలుగుతోంది. ఎలీషబా కూడా పగలంతా తల్లి వెంబడి కలుపు తీసిన పిల్లే. ముందుకు తూగుతోంది, సర్దుకుంటోంది, మళ్లీ తూగుతోంది. రూతమ్మ ఓరగా తెరిచిన కళ్లు మళ్లీ గట్టిగా మూసుకుంది.

"ఆమెన్."

గొంతు అచ్చం తనదే. తానే అన్నానేమోనని రూతమ్మ పెదాలు తడుముకుంది. మూసే ఉన్నాయి; మాట గోడ వైపు నుంచి వచ్చింది. అబ్రహాము లేచి చాప దులుపుతున్నాడు. అత్త స్తోత్రం అనుకుంటూ నడుం వాల్చింది.

ఎలీషబా మోకాళ్ల మీదనే జరుగుతూ వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"అయిపోయిందిలేమ్మా," అంది. "పండుకో."