విల్ఫ్ కోటు

విల్ఫ్ బారక్లఫ్ ఊపిరి బిగబట్టి బ్లేడుతో పాట టేపుని ఏటవాలుగా కోశాడు. కోసిన కొసని గాడి చెక్కలో కూర్చి, దానికి తెల్లటి టేపు ముక్క చేర్చి, పైన అంటుపట్టీ వేసి గోటితో నాలుగుసార్లు రుద్దాడు. అతుకు మీద వేలు పోనిచ్చి చూశాడు. వేలికి ఏమీ తగల్లేదు. అప్పుడు ఊపిరి వదిలి, గోధుమరంగు కోటు పైజేబులోంచి పసుపుపచ్చ మైనం పెన్సిలు తీసి, తెల్ల ముక్క మీద పాట పేరు రాశాడు: "కిటికీ సీటు".

అది రోజూ చేసే పనే. కాని ఆ మంగళవారం అదే అతుకుని రెండుసార్లు సరిచూశాడు. అరవై ఒకటో ఏట వచ్చే చాదస్తం కాదది. మధ్యాహ్నం పన్నెండూ ముప్పావుకి రేడియోలో ఎక్కువ అమ్ముడైన పాటల కొత్త వారం జాబితా చదువుతారు. పోయిన వారం నలభై ఆరో స్థానంలో ఉన్న "కిటికీ సీటు" మొదటి నలభైలోకి ఎక్కిందంటే, లండన్ నుంచి టీవీ వాళ్లు పిలుస్తారు. పిలిస్తే విల్ఫ్ కూడా వెళతాడు. కొత్త బూట్లు కొని, డబ్బాతో సహా ఈ బల్ల కింద పెట్టుకున్నాడు. పాలవాడితో సహా హాలిఫాక్స్‌లో తెలిసిన వాళ్లందరికీ చెప్పేశాడు.

"నలభై ఏళ్లు చీకట్లో కూర్చున్నవాడివి, ఇప్పుడు దీపాల కింద నిలబడతావా? ఆ మొహం చూసి టీవీలు కట్టేస్తారు," అంది చెల్లెలు హిల్డా. అంటూనే అతని కోటు మోచేతులకి కొత్త అతుకులు వేసి, ఇస్త్రీ చేసి పెట్టింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ తిట్టు ముందు పంపించి తాను వెనకాల వచ్చేది.

విల్ఫ్ టేపు అతికే ఆ గది ఒకప్పటి ఆల్బియన్ సినిమా హాలు ప్రొజెక్షన్ గది. పదిహేనో ఏట రీళ్లు మోసే పనిలో చేరి, హాలు మూతపడే దాకా ముప్పై తొమ్మిదేళ్లు విల్ఫ్ అక్కడే ఉన్నాడు. పొట్టి మనిషి. ప్రొజెక్టరు మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు పడిపోయాయి. ప్రొజెక్టరు దీపంలో మండే బొగ్గు కడ్డీల వెలుగుకి ఎడమ కన్ను సగం మూసుకునే ఉంటుంది, బొటనవేలి మీద కాలిన మచ్చలు లెక్కలేనన్ని. రీలు మార్చమని సైగ చేసే చుక్క తెరకి కుడివైపు పైమూల వస్తుంది కదా, అందుకని ఇప్పటికీ ఏది చూసినా, మనిషి మొహం చూసినా, ముందు కుడి పైమూలకే పోతుంది అతని చూపు. సినిమా పోయి హాల్లో బింగో అనే అంకెల ఆట వచ్చింది. విల్ఫ్ కూడా కుర్చీలతో పాటు బింగో వాళ్ల పాలబడ్డాడు. బాయిలరు చూసుకోవడం, బల్బులు మార్చడం, తుడవడం అతని పని.

మూడేళ్ల కిందట ఇద్దరు పిల్లలు వచ్చి పైగది సాయంత్రాలకి అద్దెకిస్తారా అని అడిగారు. లొరేన్ అక్రాయిడ్ టాఫీ ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దుతుంది. జుట్టు ఒకవైపు చెవిదాకా కత్తిరించి, రెండోవైపు భుజందాకా వదిలింది. నైజెల్ గ్రీన్‌వుడ్ గ్యాసు ఆఫీసులో గుమాస్తా. విడిభాగాలు కొని తనే బిగించుకున్న సింథసైజరు అనే కరెంటు వాద్యం చంకలో పెట్టుకుని తిరుగుతాడు, రోజుకి నాలుగు మాటలకి మించి ఖర్చు పెట్టడు. తమ జంటకి "రియర్ స్టాల్స్" అని సినిమా హాలు వెనక వరసల పేరు పెట్టుకున్నారు. డ్రమ్ములూ తక్కిన మోతలూ అన్నీ టేపులోనే ఉంటాయి. ఆ టేపు తిప్పడానికి వేదిక మీద ఒక మనిషి కావాలి. అడగకుండానే విల్ఫ్ ఆ పనిలోకి వచ్చేశాడు. గోధుమరంగు కోటు వేసుకుని, జనానికి వీపు పెట్టి, యంత్రం ముందు నిలబడేవాడు. అదీ ఆటలో భాగమే అనుకునేవారు జనం. పోస్టర్ల మీద మాత్రం ఇద్దరే ఉండేవారు.

అసలు "కిటికీ సీటు" పుట్టిందే విల్ఫ్ తప్పు వల్ల. ఆఖరి రోజు ఆట అయ్యాక ఫిల్ము వెనక్కి చుట్టకుండా చివరి కొస, అంటే తోక, పైకి ఉన్నట్టే పంపించడం సినిమా వాళ్ల అలవాటు. దాన్ని చుట్టుకునే పని తరవాతి హాలు వాళ్లది. విల్ఫ్ టేపులు కూడా అలాగే ఉంచేవాడు. లీడ్స్‌లో ఒక రాత్రి ఆటలో కంగారుపడి తోకనే తలనుకుని ఎక్కించాడు. తరవాతి హాలు కూడా తనే అన్న సంగతి గుర్తులేదు. పాట వెనకనుంచి ముందుకు మొదలైంది. విల్ఫ్ చెమటలు కక్కుతూ ఆపి సరిచేసేలోపు, లొరేన్ ఆ తిరగబడిన మోతకి గొంతు కలిపి ఏదో కూనిరాగం తీసింది. జనం ఉర్రూతలూగారు. రికార్డు చేసినప్పుడు ఆ ఎనిమిది క్షణాలూ పాటకి మొదట్లో అలాగే ఉంచారు. ఇప్పుడు హాలిఫాక్స్ వీధుల్లో పిల్లలు ఈలవేస్తున్నది దాన్నే.

పన్నెండున్నరకి లొరేన్ ఫ్యాక్టరీ తెల్ల టోపీతోనే పరుగెత్తుకొచ్చింది. వెనకాలే నైజెల్ వచ్చాడు, టై వెనక్కి తిరిగిపోయి ఉంది. ముగ్గురూ కిందికి దిగేసరికి హాల్లో బింగో నడుస్తోంది. అంకెలు పిలిచే ఆవిడ హోల్‌రాయిడ్, భర్త పోయిన రోజున కూడా ఆట మధ్యలో ఆపని మనిషి, ఆ రోజు ఆట ఆపి, చిన్న రేడియో తీసి మైకు ముందు పెట్టింది. "నోళ్లు ముయ్యండే, మన పిల్లల పాట," అంది. డెబ్బై మంది ఆడవాళ్లు పెన్సిళ్లు కింద పెట్టారు.

జాబితా కిందినుంచి పైకి మొదలైంది. నలభై ఎవరిదో. ముప్పై తొమ్మిది ఎవరిదో. ముప్పై అయిదు దాటేసరికి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత పైకి ఎక్కడం వాళ్ల లెక్కలో లేదు. ముప్పై కూడా వేరేవాళ్లదే అయింది. లొరేన్ రెండు చేతులతో చెవులు మూసుకుంది. విల్ఫ్ రేడియో కుడి పైమూలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇరవై తొమ్మిది," అన్నాడు రేడియో మనిషి, "రియర్ స్టాల్స్..."

బింగోలో ప్రతి అంకెకీ ఒక ముద్దుపేరుంటుంది. డెబ్బై గొంతులు ఒక్కసారిగా "లేచి మెరువు, ఇరవై తొమ్మిది" అని అరిచాయి. వెనక వరసలో ఎవరో ఆట గెలిచినట్టు "హౌస్" అని కేకపెట్టారు. హోల్‌రాయిడ్ బల్ల ఎక్కి గంతులేసింది. లొరేన్ విల్ఫ్‌ని పట్టుకుని గిరగిరా తిప్పింది.

"నక్క తోక తొక్కాం పెద్దాయనా," అంది.

"తొక్కితే తొక్కావు గాని నన్ను దించు, తల తిరుగుతోంది," అన్నాడు విల్ఫ్. అంత సంతోషం అతను పెద్ద యుద్ధం ముగిసిన రోజున కూడా పడలేదు.

ఆఫీసు గదిలో ఫోను మోగింది. నైజెల్ తీశాడు. తిరిగొచ్చేసరికి అతని మొహంలో సగం వెలుగే ఉంది.

"రేపు పొద్దున్నే లండన్‌లో ఉండాలట. ఇవాళ నాలుగింటికి వ్యాను పంపుతారు. యంత్రం తెమ్మన్నారు, తిరుగుతూ ఉంటే చూడ్డానికి బాగుంటుందట." ఆగాడు. "యంత్రం దగ్గర మనిషి మాత్రం కుదరదట. వేదిక మీద నిలబడాలంటే సంఘం కార్డు ఉండాలి."

"ఉందిగా," అన్నాడు విల్ఫ్, నవ్వుతూ. లోపలి జేబులోంచి అంచులు నలిగిన కార్డు తీశాడు. "పదిహేనో ఏటినుంచి ఒక్క నెల చందా తప్పలేదు."

నైజెల్ చదివాడు. "ఇది సినిమా ఆపరేటర్ల సంఘం. వాళ్లడిగేది వాద్యకారులది."

"సంఘం సంఘమే కదరా."

"కాదంటారు పెద్దాయనా."

విల్ఫ్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లడానికి దానికి కొంచెంసేపు పట్టింది. కొత్త బూట్లు గుర్తొచ్చాయి, తరవాత పాలవాడు. బాధ కంటే ముందు సిగ్గేసింది.

"అయితే నేనూ వెళ్లను," అంది లొరేన్. "మనం ముగ్గురం అని చెప్పు నైజెల్. ఫోను చేసి చెప్పు."

నైజెల్ నిజంగానే ఫోను దగ్గరికి నడిచాడు. మూడేళ్ల కష్టం ఆ నాలుగడుగుల దూరంలో ఉంది. విల్ఫ్ వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మాయ్? విను. సినిమా చూస్తూ జనం తలలు వెనక్కి తిప్పి మా గది వంక చూశారంటే ఏదో చెడిందన్న మాట. ముప్పై తొమ్మిదేళ్లలో నా వైపు ఆరుసార్లు తిరిగాయి తలలు. ఆరుసార్లూ ఫిల్ము తెగింది. ఏడోసారి నీవల్ల తిరగనివ్వకు."

"నీకు రావాలని లేదా?"

"ఉంది," అన్నాడు విల్ఫ్. "చాలా ఉంది. వెళ్లి రండి."

తరవాత గంటసేపు నైజెల్‌కి టేపు ఎక్కించడం నేర్పాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చూపించాడు. "తల ఇటు. తోక అటు. మళ్లీ మనకి లీడ్స్ వద్దు," అన్నాడు. లొరేన్ ముక్కు తుడుచుకుంటూ చూస్తోంది. ఉన్నట్టుండి "కోటు విప్పు," అంది.

"ఎందుకూ?"

"కోటుని కార్డు అడగరు."

నాలుగింటికి వ్యాను యంత్రాన్నీ, ఇద్దరినీ, కోటునీ ఎక్కించుకుని కొండ దిగి వెళ్లింది. కోటు లేకుండా ఒట్టి చొక్కాతో విల్ఫ్‌ని బింగో ఆడవాళ్లు చూడడం అదే మొదలు. చేతులు సన్నగా, తెల్లగా ఉన్నాయి. అతను పైకి వెళ్లి బల్ల మీద యంత్రం రబ్బరు కాళ్లు వదిలిన నాలుగు గుర్తులూ తుడిచి, బాయిలరు చూడ్డానికి దిగాడు.

గురువారం సాయంత్రం హోల్‌రాయిడ్ తన టీవీ తెచ్చి ఒకప్పుడు తెర ఉండే చోట పెట్టింది. బింగో గడప తొక్కనని ఒట్టేసుకున్న హిల్డా కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. విల్ఫ్ అలవాటు కొద్దీ అందరికంటే వెనకాల, తలుపు పక్కన నిలబడ్డాడు. తిరగబడిన ఎనిమిది క్షణాలూ వినిపించాయి. రంగు దీపాల కింద లొరేన్, నైజెల్, ఇద్దరి మధ్యా తిరుగుతున్న రెండు చక్రాలు. వాటి ముందు మైకు స్టాండుకి తగిలించిన గోధుమరంగు కోటు, జనానికి వీపు పెట్టి నిలబడి ఉంది. లొరేన్ పాడుతూ పాడుతూ వెళ్లి దాని భుజం మీద చెయ్యేసింది.

ముందుగా హిల్డా తల తిప్పింది. ఆ తరవాత ఒక్కొక్కటే, వరస వెంట వరస, డెబ్బై తలలూ వెనక్కి తిరిగాయి. ఏం తెగిందోనని విల్ఫ్ చెయ్యి దానంతటదే గాలిలో ప్రొజెక్టరు కోసం వెతికింది. ఏదీ తెగలేదు. వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. మొహం దాచుకోవడానికి కోటు కాలరు కూడా లేదు ఆ పూట. అలాగే ఏడ్చాడు.

పై ఏడాది చలికాలంలో విల్ఫ్ ఆ పైగదిలోనే, కుర్చీలో, నిద్రలో పోయాడు. "రియర్ స్టాల్స్" ఇంకో మూడు రికార్డులు చేసి, ఏ గొడవా లేకుండా విడిపోయింది. ఎక్కడ పాడినా మధ్యలో ఆ కోటు నిలబడే ఉండేది. ఆఖరి ఆట లీడ్స్‌లో జరిగింది. అందరూ వెళ్లిపోయాక వేదిక తుడవడానికి వచ్చిన ఆవిడకి స్టాండు మీద మోచేతులు అతుకులేసిన గోధుమరంగు కోటొకటి కనిపించింది. పైజేబులో, అరిగి బొటనవేలంత మిగిలిన పసుపుపచ్చ పెన్సిలు ఉంది.