మెల్లకన్నుకు రెండు ముక్కలు

ప్రయోగశాలలో గాజు గిన్నెలు కడిగే పిన్నికి, గోరంత పురుగొకటి నెల తిరక్కుండానే దగ్గరి చుట్టమైపోయింది. పలచటి ఆకులాంటి ఒళ్లు, బాణం మొనలాంటి తల, లేని ముక్కు వైపు చూస్తున్నట్టుండే రెండు చుక్కల కళ్లు. అందుకే దానికి మెల్లకన్ను అని పేరు పెట్టింది. ప్రయోగశాల నడిపే మేడమ్‌కి పాడుబడ్డ బావిలో దొరికింది అదొక్కటే.

ఇలాంటి పురుగుల్లో కొన్నిటిని కోస్తే తోక ముక్కకు కూడా తల మొలుస్తుందట. కొన్నిటికి మొలవదట. ఇది ఏ రకమో తెలుసుకోవాలని మేడమ్‌కి మహా ఆత్రం. కానీ ఉన్నదొక్కటీ పోతే? బ్లేడు పట్టుకున్న ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకునేది.

ఆవిడ పనిమీద ఊరెళ్లిన మూడో రోజు ఫోను చేసింది. రైలు రొదలో మాట తెగి తెగి వినిపించింది.

"పిన్నీ, మెల్లకన్ను... రెండు ముక్కలు... పెట్టు! మర్చిపోకు!"

"నేనా? నా చేత్తోనా?"

"నువ్వు కాక ఇంకెవరున్నారక్కడ? రెండు నిమిషాల పని!"

లైను తెగిపోయింది. మేడమ్ చివరికి మనసు రాయి చేసుకుందన్నమాట. పిన్ని బ్లేడు తీసింది, పెట్టేసింది, నీళ్లు తాగింది, మళ్లీ తీసింది. "ఆవిడ చెప్పింది తల్లీ, నా మీద కోపం పెట్టుకోకు" అని కళ్లు మూసుకుని నొక్కింది. తెరిచేసరికి తల ఒక దారిన, తోక ఒక దారిన పోతున్నాయి. ఒకదాన్నొకటి చూసుకోనైనా లేదు. చూసుకుందామన్నా తోకకు కళ్లెక్కడివి?

ముక్కకో గిన్నె పెట్టి రోజూ నీళ్లు మార్చింది. ఇంటికెళ్లినా ధ్యాసంతా తోక మీదే.

"పాలు పొంగిపోతున్నాయే!" అన్నాడు మొగుడు.

"అక్కడ దానికి తల లేదు, మీకు పాల గొడవ!"

ఎనిమిదో రోజు తోక ముక్కకు కోసిన చోట తెల్లటి బుడిపె మీద రెండు నల్లచుక్కలు కనిపించాయి. అవీ లేని ముక్కు వైపే చూస్తున్నాయి. పిన్ని కుర్చీలో కూలబడి ఏడ్చింది, నవ్వింది.

ఆ సాయంత్రమే మేడమ్ వచ్చింది. "నోటుబుక్కు ఖాళీగా ఉందేం పిన్నీ? అదెలా ఉందో రెండు ముక్కలు రాసిపెట్టమన్నానా!"

"రాయడమా? కోసిపెట్టమన్నారుగా!"

మేడమ్ మొహం పాలిపోయింది. పరుగున వెళ్లి భూతద్దం మీద వంగింది. చాలాసేపటికి తలెత్తింది. "మొలిచింది పిన్నీ! నేను భయపడి చెయ్యలేనిది నీ చెవుడు చేసిపెట్టింది!"

"చెవుడు నాది కాదు, మీ రైలుది."

"సరే, ఒకటి రేపే మా గురువుగారి ప్రయోగశాలకు పంపాలి. ఏది పంపను?"

పిన్ని రెండు గిన్నెలూ తన వైపు లాక్కుంది. "తల వెళ్తే నన్నెరిగింది పోతుంది. తోకేమో ఇవాళే కళ్లు తెరిచింది."

"రెండూ ఉండాలంటే ఇంకోసారి కోద్దాం."

"ఆ బ్లేడు ముట్టుకున్నారో, ఊరుకోను!"

మర్నాడు పిన్నే తల ముక్క ఉన్న సీసాను జీపు డ్రైవరు చేతికిచ్చింది. లోకం చూసింది కాబట్టి అదైతేనే నెగ్గుకొస్తుంది.

"గతుకుల్లో మెల్లగా పోనియ్ నాయనా. ఎండ తగలనివ్వకు, దానికి వెలుగంటే పడదు. చేరగానే ఫోన్ చెయ్."

"చేసి? పురుగుతో మాట్లాడించనా?"

"ముందు నువ్వు చెయ్యి."