కదలని పడవ

సముద్రం మీద పడవ కదలదు. ఇనెరామ్‌కు వాళ్ల నాన్న ఒలకియ్ నేర్పిన మొదటి పాఠం ఇదే. పడవ ఉన్నచోటే ఉంటుంది, దీవులే నీళ్ల మీద నడిచి వస్తాయి, నడిచి పోతాయి. పట్నం బడిలో సైన్సు మాస్టారు ఇది విని నవ్వబోయి, కాగితం మీద లెక్క వేసి చూసుకుని ఊరుకున్నాడు. ఎటు నుంచి చూసినా లెక్క ఒకటే మరి.

ఇప్పుడు ముగ్గురూ తాబేళ్ల దీవి నుంచి పడమటికి, ఇంటికి వస్తున్నారు. వస్తున్నారనడం తప్పేలే, ఇల్లే వాళ్ల వైపు వస్తోంది. ఒలకియ్ కళ్లకు పొర కమ్మి రెండేళ్లయింది. ఆయనకు కళ్లుగా కూతురు ఎక్కింది. చుక్కాని మేనమామ రెపాంగ్ చేతిలో ఉంది. పెద్దలు ఒక్కసారికే ఒప్పుకున్నారు. దారి తప్పితే, ప్రాణాలతో బయటపడ్డా సరే, ఈ పిల్లను నమ్మి ఇంకెవరూ పడవెక్కరు.

ఉత్తరాన, చూపు అందనంత దూరంలో పియాన్ అనే దీవి ఉంది. దారిలో అది ఎప్పుడూ కనబడదు. కనబడకుండానే ఒక్కో చుక్క కింద నుంచి వెనక్కి జరుగుతూ ఉంటుంది. బయల్దేరినప్పుడు కృత్తికలు అస్తమించే చోట ఉంది. కృత్తికలు ఉదయించే చోటికి జరిగిందంటే ఇల్లు వచ్చినట్టే. దాన్ని మనసులో జరిపే మనిషి నిద్రపోకూడదు. నలభై ఏళ్లలో ఒలకియ్ సముద్రం మీద కునుకు తీసింది లేదని ఊరంతా చెప్పుకుంటుంది, ఆయన్ని ఎర్రకళ్లాయన అంటుంది. "దీవి ఎక్కడుందే?" అని గడియకోసారి కూతుర్ని అడుగుతూనే ఉన్నాడు.

రెండోరోజు మధ్యాహ్నం, తెరచాప నీడలో, ఇనెరామ్ కన్నంటుకుంది.

పియాన్ కలలోకి వచ్చింది. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, చప్పుడు లేకుండా పక్క నుంచి జరిగిపోతున్నాయి. ఒడ్డున వల ఆరేస్తున్న ఒకామె తలెత్తి, ఈ పడవ ఎంత నిలకడగా ఉందో అన్నట్టు చూసింది. మెలకువ వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. కునుకు పట్టేముందు ధ్రువుడి కింద వదిలిన దీవి ఇప్పుడెక్కడుందో తెలియదు.

పొద్దును బట్టి చూస్తే అది అభిజిత్తు చుక్క ఉదయించే చోట ఉండాలి. అలా చెప్పేస్తే మామయ్యకు తెలియదు, నాన్నకు కనబడదు. కానీ అది తప్పయితే ఇల్లు ఎక్కడో పక్క నుంచి దాటిపోతుంది.

"నాన్నా, నిద్రపోయాను. దీవిని పోగొట్టాను."

రెపాంగ్ ఇక చేపల్నే దారి అడగాలేమోనని గొణిగాడు.

ఒలకియ్ పడవ చెక్కలకు వీపు ఆనించి పడుకుని ఉన్నాడు. తూర్పు అలలు ఒక్కొక్కటీ ఆయన వీపు కింద నుంచి పోతున్నాయి.

"ఎక్కడికీ పోలేదే. నువ్వు వదిలిన దగ్గర్నుంచి నేను జరుపుతూనే ఉన్నా. మధ్యలో గాలి పడిపోయింది, మీ మామ పాటలో పడి చూసుకోలేదు. ఇంకా అభిజిత్తు దాకా రాలేదు. సప్తర్షులు ఉదయించే చోటే ఉంది."

"నా పాటకే గాలి పడిపోయిందను బావా," అన్నాడు రెపాంగ్. అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఇనెరామ్ ఏడ్చేసింది. ఈ పని తనకు చేతకాదంది.

"అబద్ధం చెబుతావేమోనని భయపడ్డా," అన్నాడు ఒలకియ్. "నిద్రదేముంది, నాకూ వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేదు, అంతే. ఇక నువ్వే జరుపు. నేను పడుకుంటా."

చాపను ఒంటి మీదికి లాక్కుని నిజంగానే పడుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. రెపాంగ్ నోరు తెరిచి చూశాడు, ఆ తర్వాత పాట ఎత్తలేదు. ఇనెరామ్ కళ్లు తుడుచుకుని ఉత్తరానికి తిరిగింది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆమె దీవిని మెల్లగా జరపడం మొదలుపెట్టింది.

ఒలకియ్ మధ్యలో లేచాడు, సీమ పనస ముద్ద తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దీవి ఎక్కడుందని ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు సాయంత్రం పియాన్ కృత్తికలు ఉదయించే చోటికి చేరింది. గూళ్లకు పోయే తెల్లపిట్టలు పడవ మీదుగా పడమటికి ఎగిరాయి. రెపాంగ్ ఆగలేక బావను లేపనా అని అడిగాడు.

"వద్దు మామయ్యా. పడుకోనీ. ఇల్లే ఆయన దగ్గరికి వస్తోంది."