పదిహేడో నంబరు పచ్చాకు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు: కామెర్లకు పసరు పోసే చెంచమ్మ, ఆవిడ మనవరాలు ఈశ్వరి, ఊరి బయట జీపు ఆపి నడిచొచ్చిన పరిశోధకురాలు వసుంధర. నాలుగోదాన్ని నేను. నేను ఒక చిన్న ప్లాస్టిక్ ట్యూబును, చిటికెన వేలంత. ఫ్యాక్టరీలో ఒకే అచ్చులోంచి వెయ్యిమందిమి రాలాం. వసుంధర జేబులో పడ్డాకే నాకంటూ ఒక పని దొరికింది.

"మీ పసరాకు మందులా పనిచేసే ఆ చేదును ఎలా తయారుచేసుకుంటుందో దాని జన్యువుల్లో ఉంటుంది మామ్మా. అది చదివితే, రేపు మొక్క లేకపోయినా మందు మిగులుతుంది" అంది వసుంధర.

"ఆకులో అక్షరాలుంటాయా తల్లీ? నలభై ఏళ్లుగా నూరుతున్నా, ఒక్కటీ కనపడలేదే!" అని నవ్వుతూ చెంచమ్మ పెరట్లోకి వెళ్లి ఒక ఆకు తెచ్చింది. అది నల్లగా వాడిపోయి ఉంది. వేడినీళ్లలో ముంచి తెచ్చింది. ఎవరూ గుర్తుపట్టకుండా అలా చెయ్యడం ఆ ఇంటి పద్ధతి.

"ఉడికిన ఆకు ఏమీ చెప్పదు మామ్మా."

"పచ్చిది గడప దాటదు."

ఆ మొక్క ఏదన్నది ఇంటి కోడలికే చెప్తారట. ఆడపిల్లకు చెప్తే అత్తారింటికి పట్టుకుపోతుందని భయం. చెంచమ్మ కోడలు, అంటే ఈశ్వరి వాళ్లమ్మ, పోయి ఏడేళ్లు. ఇంకెవరికి చెప్తుందో ఆవిడకే తెలియదు. గోడ అవతల కంకర క్వారీ దుమ్ముకి ఆ మొక్కలు ఎండిపోయి ఇప్పుడు రెండే మిగిలాయి.

"నీ పేరేంటమ్మా?" అని వసుంధర అడిగితే ఈశ్వరి కాలి వేళ్లకేసి చూసింది. అందుకే, ఆకు ఇచ్చినవాళ్ల పేరు రాయాల్సిన చోట నా మీద పదిహేడు అన్న అంకె ఒక్కటే పడింది.

చెంచమ్మ మజ్జిగ కోసం లోపలికెళ్లగానే ఈశ్వరి అరుగు మీదున్న నన్ను తీసుకుని పెరట్లోకి పరిగెత్తింది. పచ్చాకు నాలో కుక్కి, మూత బిగించి, నన్ను వసుంధర చేతిలో పెట్టింది. మరుక్షణం ఆవిడ వెంట తెచ్చిన, గడ్డకట్టే చలితో పొగలు కక్కే డబ్బాలో పడ్డాను. ఆకు ప్రాణం ఉన్నపళంగా ఆగిపోయింది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన చెంచమ్మ పసరంటిన మనవరాలి వేళ్లు చూసింది.

"నీకెవరు చూపించారే?"

"ఎవరూ చూపించలేదు నాయనమ్మా. పెరట్లో నలభై రకాల మొక్కలున్నాయి. ఒక్కదాని దగ్గరే నువ్వు నన్ను లోపలికి పొమ్మంటావు."

నగరంలో యంత్రం ఆ ఆకును చదివింది. చేదు తయారుచేసే జన్యువులు మూడు దొరికాయని అందరూ చప్పట్లు కొట్టారు. ఏ వయసు పిల్లకు ఎన్ని చుక్కలు పోయాలో మాత్రం అందులో లేదు. అది చెంచమ్మ వేళ్లకే తెలుసు. ఈశ్వరికి తెలిసింది మొక్క ఒక్కటే.

మిగిలిన ముక్కతో నేను ఫ్రీజర్లో ఉన్నాను. దాని తలుపు పడిన ప్రతిసారీ నాకు ఆ రోజు అరుగు మీద విన్న చివరి మాటలే గుర్తొస్తాయి.

"మిగిలింది నేర్పు నాయనమ్మా. నేనెక్కడికీ పట్టుకుపోను."

"పట్టుకుపోయావుగా" అంది చెంచమ్మ. మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టి, లోపలికి వెళ్లి, తలుపేసి గడియ పెట్టుకుంది.