బొటనవేలు లేని చెయ్యి

తాతబ్బాయి కుడిచేతిని జేబులో దాచుకు తిరగడం మొదలై పదకొండేళ్లయింది. అంతకుముందు అతను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో కిందనుంచి చేత్తో సైగలు చేస్తూ క్రేన్ నడిపించేవాడు. ఓ రోజు గొలుసు తగిలిస్తుంటే బొటనవేలు నలిగి, తీసెయ్యాల్సి వచ్చింది. కంపెనీ పెద్దబాబులు అతన్ని కాపలాకని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. సైగలకి బొటనవేలితో పని లేదని చెప్పి చూశాడు. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాడి మాట ఎవరికి కావాలి?

కూతురు రజని మాత్రం జువాలజీలో ఎమ్మెస్సీ చేస్తోంది. ఆదివారం ఆ హిందీ ఊళ్లోని తెలుగు సంఘంవాళ్లు, అంతరించిపోతున్న గోధుమరంగు స్పైడర్ మంకీ గురించి మాట్లాడమని పిలిచారు.

“నాన్నా, నువ్వూ స్టేజీ ఎక్కాలి. దానికీ బొటనవేలు ఉండదు. నీ చెయ్యి చూపిస్తే సబ్‌కో సమఝ్ ఆ జాయేగా, అందరికీ ఇట్టే అర్థమైపోతుంది.”

“నన్ను కోతిని సేసి ఆడిద్దామనేటే?”

రజని మళ్లీ అడగలేదు. అతను మాత్రం రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు.

ఆదివారం హాలు నిండింది. తాతబ్బాయి చివరి వరసలో, చెయ్యి జేబులోనే పెట్టుకుని కూర్చున్నాడు. గుడ్డమీద వేయించిన కోతిబొమ్మని తాడుతో పైకి లాగే పని తిరుమలరావుది. ఒకప్పుడు షెడ్డులో తాతబ్బాయి సైగలు చూసి పైన క్రేన్ నడిపింది అతనే. పక్కన నిలబడి లాగుతున్నాడు కాబట్టి బొమ్మ ఎంతవరకు లేచిందో అతనికి కనబడదు. సగంలో ఆపేశాడు. తోకతో తలకిందులుగా వేలాడే కోతి చేతులు స్టేజీ మీది బల్ల వెనకే ఉండిపోయాయి.

“దీనికి బొటనవేలు లేదు,” అంది రజని. “లోపం కాదు. నాలుగువేళ్లూ కొక్కెంలా వంచి కొమ్మనించి కొమ్మకి...”

“అయితే మన తాతబ్బాయికి సుట్టమేనమ్మా!” అన్నాడు తిరుమలరావు.

హాలంతా నవ్వింది. రజని ఎక్కడ ఆపిందో కాగితంలో వెతుక్కుంటోంది. “ఇంకా పైకి!” “దించు, దించు!” అని బొమ్మని చూసి జనం తలో మాటా అరుస్తున్నారు.

తాతబ్బాయి లేచాడు. తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉంది. అటు చూసి, ఇటు నడిచాడు. స్టేజీ ముందు నిలబడి, జేబులోంచి చెయ్యి తీసి, చూపుడువేలు ఆకాశానికెత్తి గుండ్రంగా తిప్పాడు.

పైకెత్తమని క్రేన్ సైగ అది. తిరుమలరావు పంతొమ్మిదేళ్లు ఆ చెయ్యి చూసే బతికినవాడు. చేతులు వాటంతటవే తాడు లాగాయి. బొమ్మ లేచింది. తాతబ్బాయి అరచెయ్యి చాచి పట్టాడు. ఆగింది, ఎక్కడ ఆగాలో అక్కడే. కింది కొమ్మకి తగిలించిన నాలుగువేళ్లూ కనబడ్డాయి.

అతను స్టేజీ ఎక్కి పక్కనున్న రజని పుస్తకాల సంచీని నాలుగువేళ్ల మీద తగిలించి ఎత్తాడు.

“ఇదేనమ్మా కొక్కెం. ఇప్పుడు సెప్పు.”

రజని చెప్పింది: తోక చివర లోపలివైపు వెంట్రుకలుండవని, అక్కడ వేలిముద్రల్లాంటి గీతలుంటాయని, మూడేళ్లకోసారి ఒకే పిల్లని కంటుందని, చెట్టుకీ చెట్టుకీ మధ్య తల్లి తానే వంతెనై సాగి నిలబడి పిల్లని దాటిస్తుందని. ఒక్కరూ నవ్వలేదు.

తర్వాత టీ దగ్గర తిరుమలరావు వచ్చాడు. “సైగ మర్సిపోలేదురా నువ్వు!”

“నువ్వు మాత్రం ఎప్పట్లాగే సగంలో ఆపేస్తావు.”

రేపు సోమవారం, మళ్లీ ఆ గేటు, ఆ కుర్చీ. ఉండనీ. తాతబ్బాయి కుడిచేత్తోనే టీ గ్లాసందుకుని, నలుగురి మధ్యా నిలబడి, చల్లారేదాకా నింపాదిగా తాగాడు.